పొట్టి పిడి ప్రెస్సు

విదేశంలో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో మా అమ్మాయి సైకిల్ చెయిన్‌కు నూనె వేస్తుంటే, ఆ వాసనకు చిన్నప్పుడు మా ఊళ్లో చూసిన తుపాకుల షాపు గుర్తొచ్చింది.

చేలో అడవి పందుల బెడద వల్ల నాన్నకు లైసెన్సు తుపాకీ ఉండేది. వాడిన తూటా గొట్టాల్లో మళ్లీ మందు నింపేటప్పుడు అడుగున నిప్పు పుట్టించే చిన్న క్యాపు బిగించాలి. అందుకు చేతి ప్రెస్సు కొనడానికి అక్కనీ నన్నూ వెంట తీసుకెళ్లాడు. షాపులో రెండు రకాలు చూపించారు. నాన్న రెండూ అక్క చేతికే ఇచ్చి నొక్కమన్నాడు.

"పొడుగు పిడిది తేలిగ్గా ఉంది నాన్నా," అంది అక్క.

అన్నిటికీ అక్కేనా అని నాకు కడుపు మండిపోయింది. "నాకూ ఇయ్యి," అని లాక్కుని రెండూ నొక్కి చూశాను. అక్క చెప్పిందే నిజం. అయినా, "పొట్టిదే తేలిక," అన్నాను.

"ఇంత చిన్నదాని చేతికే తేలిగ్గా ఉంటే ఇంకేం," అని నాన్న పొట్టిదే కొన్నాడు. దారి పొడుగునా అక్క వైపు గర్వంగా చూశాను.

అంతకుముందు వచ్చిన జ్వరంతో నాన్న కుడిచేతిలో పట్టు పోయిందని, అందుకే మాచేత నొక్కించి చూశాడని అమ్మ చాలా ఏళ్లకు చెప్పింది. అప్పట్లో ఆయన ఆ ప్రెస్సును మోకాలికి ఆనించి, రెండు చేతులతో నొక్కడం ఎన్నోసార్లు చూశాను. పెద్దవాళ్లు అలాగే నొక్కుతారు కాబోలు అనుకున్నాను.