బాపు వేలు చూపించిన చోట

మృగశిర, మా మాటలో మిరుగు కార్తె, వచ్చిందంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ రోజు ఇంటింటా చేప తినాలి, అది మా దగ్గరి ఆనవాయితీ. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర నా గంప చుట్టూ పొద్దున్నే జనం ఎగబడతారు. "అక్కా, మన చెరువుదేనా?" అని అడుగుతారు. చెరువుదట! మీ ఇళ్ల మురుగంతా అందులోకి వదిలి, మళ్లీ చెరువు చేపే కావాలా అని నోటిదాకా వస్తుంది. మింగేసి తూకం వేస్తాను. లారీలో ఐసు మీద వచ్చిన చేప అది.

మా నాన్నను నేను బాపు అంటాను. మా ఊరి చెరువును నమ్ముకుని బతికిన మనిషి. మిరుగుకు ముందు కొన్నాళ్లు అక్కడ ఎవరూ వల వేయరు. ఆ పొద్దున మాత్రం అందరూ వలలు భుజాన వేసుకుని కట్ట మీద నిలబడితే, బాపు ఒక్కడే ముందుకు వెళ్లి నీళ్లు చూసేవాడు. కొర్రమట్ట, అంటే కొర్రమీను, గాలి కోసం పైకి వచ్చే చేప. మూతి తేల్చి, ఓ గుటక గాలి మింగి మునుగుతుంది. అది లేచే తీరు చూసి బాపు వేలు చూపిస్తే అందరి వలలూ అక్కడే పడేవి. ఆయనకు పొలం లేదు, చదువు లేదు. ఊళ్లో ఆయనకున్న మర్యాదంతా ఆ వేలే.

చెరువు చుట్టూ కాలనీలు లేచాయి. నీళ్లు ముందు పచ్చబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి. ఎవరో పుణ్యాత్ములు గాజు తొట్టి నాకి శుభ్రం చేస్తుందని ఒక రకం చేపను కొనుక్కున్నారు. అది పెరిగి తొట్టిలో పట్టకపోయేసరికి తెచ్చి చెరువులో వదిలారు. ఒళ్లంతా గరుకు పెంకు, రెక్కలకు ముళ్లు. దెయ్యం చేప అంటారు. చెరువులో గుడ్లు పెట్టి పెరిగిపోతున్నా, పగలంతా కట్ట బొరియల్లో అణిగి ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. వలలో ఒకటీ అరా పడితే విసిరి పారేసేవాళ్లు.

ఒక ఏడాది మిరుగు పొద్దున చెరువు నడుమంతా మూతులే. లేస్తున్నాయి, మునుగుతున్నాయి. కొర్రమట్ట తగ్గిపోయిందని ఏళ్లుగా దిగులుపడ్డ బాపు ముఖం వెలిగిపోయింది.

"మస్తు లేస్తున్నయ్ రా! ఎన్నేండ్ల సంది గింత సూడలే. ఎయ్యుండ్రి!" అని వేలు చూపించాడు.

గంప పట్టుకుని కట్ట మీదున్న నాకూ సంబరమే. అంతమందీ ఒక్కసారే వలలు విసిరారు. లాగితే బరువుగా వచ్చాయి. అన్నీ దెయ్యం చేపలే. కొర్రమట్ట ఒక్కటి లేదు. ముళ్లు దారాల్లో చిక్కుకుని ఎంత పీకినా రాలేదు. చివరికి కత్తులతో వలలే కోయాల్సి వచ్చింది.

"గీ ముసలోని మాట విని ఆగమైనం," అన్నాడొకడు. బాపు వేలు చూపించిన చేపలతో పిల్లల్ని సాదుకున్నవాడే. ఏరు దాటాక బోడి మల్లన్న!

"నీ నోట్ల మన్ను వడ! నీ కండ్లు ఏడవోయినయ్ మరి?" అని నేను లేచాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఒక చేపను చెరువు నీళ్లతో సహా బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ముందు దాన్ని బోరు నీళ్ల తొట్టిలో వదిలాడు. అది అడుక్కి పోయి, తొట్టి గోడకు మూతి అంటించుకుని కదలకుండా పడుంది. ఎంతసేపు చూసినా పైకి రాలేదు. తీసి మళ్లీ చెరువు నీళ్ల బకెట్లో వేశాడు. కాసేపటికే పైకి లేచింది. మూతి తెరిచి గాలి మింగి మునిగింది. మళ్లీ లేచింది. అచ్చం కొర్రమట్ట లాగే.

"ఊపిరాడక లేస్తున్నయ్ బిడ్డా," అన్నాడు బాపు. "బొరియల ఉండే చేపను గీ నీళ్లు బయటికి ఎల్లగొట్టినయ్. నేనేమో మన కొర్రమట్టనే వచ్చిందనుకున్న."

"పోయి చెప్దాం పా, నీ తప్పేం లేదని."

"చెప్తే వలలు అతుకుతయా?"

ఆయన రాలేదు. నేనే పోయి ఇంటింటికీ చెప్పాను. "సరే తీ అక్కా," అన్నారు. ఆ తర్వాతి మిరుగుకు ఆయన్ని ఎవరూ పిలవలేదు. బాపు మాత్రం పొద్దున్నే స్నానం చేసి, తువ్వాల భుజాన వేసుకుని గడప మీద కూర్చున్నాడు. ఎండ ముఖం మీదికి వచ్చేదాకా కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, ఊరి మీద కోపమూ వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు.

ఇంట్లో ఒక్కడే ఎందుకని ఈ మిరుగుకు బాపును నాతో బస్టాండుకు తీసుకొచ్చాను. గంప పక్కన కూర్చున్నాడు. నేను వేరే బేరంలో ఉండగా ఒకామె వచ్చింది.

"తాతా, ఇందుల కొర్రమట్ట ఏది?"

గంపలో పైనే ఉంది, నల్లగా, పాము తలతో. చిన్న పిల్లలు కూడా గుర్తుపడతారు. బాపు చెయ్యి లేచింది. వేలు చాపబోయి, మళ్లీ గుప్పిట్లోకి ముడిచేసుకున్నాడు.

"నాకు తెల్వదమ్మా," అన్నాడు. "మా బిడ్డనడుగు."