లోపలి నుంచి తెరుచుకోని తలుపు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పటికీ ఉందని చెప్పను. ఆ బిల్డింగ్ మీద మాత్రం కోపం ఉంది.

న్యూజెర్సీలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్లు ఒకప్పుడు పిచ్చాసుపత్రి. ఎర్ర ఇటుకల గోడలు, పొడుగాటి కిటికీలు. లీజింగ్ ఆఫీస్‌లో అమ్మాయి అదేదో ఘనతలాగా చెప్పింది. ఆ కాలంలో మొగుడి మాట, డాక్టరు సంతకం ఉంటే చాలట, భార్యని చేర్చుకునేవారట. కాన్పయ్యాక ఏడుపు ఆగకపోయినా పిచ్చి కిందే లెక్కట.

"నిన్ను ఎప్పుడో జాయిన్ చేయాల్సింది" అన్నాడు మా ఆయన కిశోర్. నేనూ నవ్వాను.

పాప పుట్టాక నాకు ఏడుపు ఆగలేదు. డాక్టర్‌కి చూపించుకుని మందులు వాడాను, అందులో దాపరికం లేదు. పురుడు పోయడానికి విజయవాడ నుంచి వచ్చిన అమ్మ, తలస్నానం చేయించి నా జుట్టుకి సాంబ్రాణి పొగ వేసేది. పొగకి అలారం మోగకుండా దానికి షవర్ క్యాప్ తొడిగేది. పాపకి పొగ తగలకూడదని బెడ్‌రూమ్ తలుపు దగ్గరికి వేసి, తనని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళేది.

నేను ఒక్కదాన్నే ఉంటే ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. తాళం లేదు, గడియ లేదు. అమ్మ వచ్చి బయటి నుంచి ఒక్క వేలితో తోస్తే తెరుచుకునేది. మెయింటెనెన్స్ వాళ్ళు చూసి అంతా బాగానే ఉందన్నారు.

ఒకసారి తలుపు బాదుతుంటే అవతల ఎవరో మగమనిషి, ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా, "ఆవిడ ఇక్కడే ఉంటుంది" అన్నాడు. కిశోర్ ఆఫీస్‌లో ఉన్నాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తలుపు సంగతి చెప్పినందుకే నన్ను అదోలా చూస్తున్నారు.

"పాపని అత్తయ్యతో ఇండియా పంపిద్దాం. నువ్వు స్టేబుల్ అయ్యాక తెచ్చుకుందాం" అన్నాడు కిశోర్. టికెట్ కూడా బుక్ చేసేశాడు. ఇక్కడ ఉద్యోగాల వల్ల చాలామంది అలా పంపుతారు, వాళ్ళని తప్పుపట్టను. నా పాపని మాత్రం నాకు పిచ్చని పంపుతున్నారు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం కూడా జబ్బు లక్షణమేనన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం నేను జుట్టు ఆరబెట్టుకుని, అమ్మ తలుపు తీస్తే వంటింట్లోకి వచ్చేశాను. గదిలో సాంబ్రాణి ఇంకా రాజుకుంటూనే ఉంది. షవర్ క్యాప్ జారినట్టుంది, అలారం మోగింది. కిశోర్ లోపలికి వెళ్ళి, పొగ బయటికి రాకుండా తలుపు వేసుకున్నాడు.

అలారం ఆగింది. కాసేపటికి తలుపు బాదడం మొదలైంది.

"తలుపు తియ్. ఆటలొద్దు." తర్వాత గొంతు మారింది. "నాకేం కాలేదు, తియ్యి, ప్లీజ్."

రోజూ నేను అనే మాటలే అవి. వెళ్ళి తోశాను. మామూలుగానే తెరుచుకుంది. కిశోర్ ఒళ్ళంతా చెమట. నన్ను దాటి హాల్లోకి చూస్తున్నాడు.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు బాబూ" అంది అమ్మ.

"మరి ఆవిడ ఇక్కడే ఉంటుందని అన్నదెవరు?"

ఆ సాయంత్రమే పాప టికెట్ క్యాన్సిల్ చేశాడు. కారణం చెప్పలేదు. లీజు పూర్తవకుండానే ప్లెయిన్స్‌బరో అనే ఊరికి మారిపోయాం. స్నేహితులు అడిగితే అలారం గొడవ పడలేక వచ్చేశామంటాడు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. కానీ మా ఆయనకి నమ్మకం కుదరడానికి ఆ మగ గొంతు కావాల్సొచ్చింది. అన్ని రోజులు అరిచిన నా గొంతు చాలలేదు.