తారాబాయి చెవులు, కిష్టయ్య మిషను

ఇంట్లో వాయించే మిషనే లేకుండా రికార్డు కొన్న మనిషిని ఎక్కడైనా చూశారా? కామాటిపుర చాళ్లలో, ఆ వరస గదుల ఇళ్లలో అడగండి, తారాబాయిని చూపిస్తారు. చిన్నపిల్లల బాల్వాడీలో ఆయాగా చేరిన కొత్తలో, మొదటి జీతం చేతిలో పడగానే పోయి పెద్ద నల్లటి రికార్డొకటి పట్టుకొచ్చింది. అన్నీ పాలమూరు పాటలు, నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడుకునేవి. "దీన్నేం జేస్తవే, రొట్టె కాలుస్తవా?" అని తల్లి నెత్తి కొట్టుకుంది. తారాబాయి ఆ మాట చెవిన వేసుకుంటేగా! రికార్డు చంకలో పెట్టుకుని, ఎవరింట్లో మిషనుంటే వాళ్లింటికి పోయేది. "ఒక్కసారి పెట్టుండ్రి, మీరూ ఇనుండ్రి" అని గడపలో కూర్చునేది. విన్నవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తావని అడిగేవాళ్లు. పెళ్లయింది, కూతురు పుట్టింది, మొగుడు పోయాడు, నౌకరీ నుంచి దిగిపోయింది. చంకలోంచి ఆ రికార్డు మాత్రం దిగలేదు.

ఇప్పుడది మోగేది కిష్టయ్య గదిలో. ఊళ్లోని భవనాలన్నిటికీ రంగులు వేసి వేసి, ఇక నడుం వంగదని ఇంట్లో కూర్చున్న మనిషి కిష్టయ్య. ఆ చాల్‌లో పనిచేసే రికార్డు మిషను ఆయన దగ్గర ఒక్కటే ఉంది. ఆదివారం మధ్యాహ్నం తిండ్లయ్యాక తారాబాయి, కింద గదిలో ఉండే లస్మయ్య అక్కడికి చేరతారు. వంతు ప్రకారం ఒక్కొక్కరూ తమకిష్టమైన రికార్డు తేవాలి. తెచ్చినవాళ్లే పాత చీరముక్కతో మెత్తగా తుడిచి, సూది దించాలి. ఫోన్లు గడప అవతలే. సూది దిగాక ఎవరూ నోరు మెదపకూడదు. పాటకు ముందు పోపు వేసినట్టు చిటపటమంటుంది చూడండి, అది వినడానికే వస్తానంటాడు లస్మయ్య. ఇక అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. ఒకరు ప్రేమగా తెచ్చిన పాటకు ఇంకొకరు వంక పెట్టకూడదు. నచ్చకపోతే నోరు మూసుకుని చాయ్ తాగాలి. ఎంత మంచి నియమం! కొంప ముంచింది కూడా అదే.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం తారాబాయి వంతు వచ్చింది. రికార్డు తుడిచి, సూది దించి, కళ్లు మూసుకుంది. పాట మొదలైంది. నాట్లు వేస్తూ పాడే ఆ సన్నటి ఆడగొంతు ఎక్కడికి పోయింది? ఎవరో మగవాడు జ్వరంతో మూలుగుతున్నట్టు పాట సాగిపోతోంది. కళ్లు తెరిచి చుట్టూ చూసింది. కిష్టయ్య తల ఊపుతున్నాడు. లస్మయ్య తొడ మీద తాళం వేస్తున్నాడు. పాట అయిపోయాక ఇద్దరూ ఒకేసారి "వాహ్, తారక్కా, ఏం పాట!" అన్నారు. అంటే పాటకేమీ కాలేదు, చెడింది తన చెవులేనని ఆమెకు అర్థమైంది.

గుండెల్లో రాయి పడింది. తల్లి పెంటమ్మకు చెవుడు ఇట్లాగే వచ్చింది మరి. మొదట భజన పాటలు సాగినట్టు వినిపిస్తున్నాయంది. తర్వాత మాటలూ పోయాయి. చివరి రోజుల్లో తలుపు వెనక కూర్చుని, ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా. ఆమె ఎదురుగానే ఆమె గురించి ఎవరికి తోచింది వాళ్లు అనేవాళ్లు. విసుక్కుని అరిచినవాళ్లలో తారాబాయి కూడా ఉంది. రేపు తన కూతురు మేఘా తన మీద అట్లాగే అరుస్తుంది కదా అనుకుంటే అన్నం సహించలేదు.

చెవులను ఇంకో పాటతో పరీక్షించుకుందామంటే ఎట్లా? మేఘా ఫోన్లో వచ్చే పాటలు ఆమెకు ఎప్పుడు సరిగ్గా అనిపించాయి గనక! తర్వాతి ఆదివారాల్లో కిష్టయ్య పాటా సాగింది, లస్మయ్య పాటా సాగింది. తారాబాయి మాత్రం "మస్తుంది" అంటూ చాయ్ తాగి వచ్చేసింది. ఇంటికొచ్చి గోడకు తిరిగి పడుకునేది. బతుకమ్మ దగ్గర పడుతోంది. సందులో ఆడవాళ్లందరికీ ముందు పాట ఎత్తిచ్చేది ఆమే. చెవి లేని మనిషి పాటేం ఎత్తుతుంది, నలుగురిలో నవ్వులపాలు కావడం తప్ప!

మళ్లీ ఆమె వంతు వచ్చింది. ఈసారి రికార్డు తుడవలేదు. తెచ్చి కిష్టయ్య ఒళ్లో పెట్టేసింది.

"ఇగ ఇది నీ కాడనే ఉండనియ్యి, కిష్టయ్యా."

"గదేంది, తారక్కా?"

"నా చెవులు పోయినయ్. పాట సాగి సాగి వస్తుంది నాకు. మా అమ్మకూ గిట్లనే షురూ అయింది. ఇనెటోళ్ల కాడ ఉంటేనే దానికి ఇజ్జత్. బతుకమ్మకు గూడ ఇంకెవర్నన్న ఎత్తుమనుండ్రి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిష్టయ్య రికార్డు పక్కన పెట్టి మెల్లగా అడిగాడు. "అక్కా, సాగుడంటే... మొగోడు మూల్గినట్టా?"

"అవ్. నీకెట్ల తెలుసు?"

"అరే దేవుడా! నాకూ గట్లనే ఇనిపిస్తుంది! నా చెవులే ఖరాబైనయని పోయి గులిమి తీయించుకొచ్చిన!"

లస్మయ్య కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాడు. "నేనైతే పండుకునేటప్పుడు ఎల్లిపాయ నూనె పోసుకుంటున్న. దిండ్లన్నీ జిడ్డు చేస్తున్నవని మా ఇంటిది ఒకటే తిట్లు!"

తారాబాయి కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది. "మరి వాహ్ వాహ్ అంటిరి గదరా!"

"నువ్వు తెచ్చిన పాటకు వంక పెడ్తమా, అక్కా?" అన్నాడు లస్మయ్య. "నువ్వు మాత్రం మస్తుందనలే?"

పొయ్యి దగ్గర చాయ్ కాస్తున్న మయూరి చేతిలోంచి చెంచా జారి ఖంగుమంది. మయూరి కిష్టయ్య కోడలు. గిన్నె దించి, తల వంచుకుని వచ్చింది.

"మామా, కోపం చెయ్యనంటే ఒక మాట చెప్త. దుమ్ము తుడుస్తుంటే మిషను లోపల రికార్డు పళ్లెం తిప్పే రబ్బరు పట్టా తెగింది. నువ్వు తిడ్తవని భయమై, నా లంగా ఎలాస్టిక్ కోసి, కుట్టి ఏసిన. పళ్లెం తిరిగింది, పాట వచ్చింది. మీరందరూ మంచిగుందనే అంటిరి, నేను ఊకున్న."

కిష్టయ్య రికార్డు తిరిగే పళ్లెం ఎత్తి చూశాడు. నిజమే, లోపల గులాబీరంగు ఎలాస్టిక్ వదులుగా వేలాడుతోంది. వదులైన పట్టా జారుతుంటే పళ్లెం మెల్లగా తిరగక ఏం చేస్తుంది? అందరూ దానికేసి చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట నవ్వింది తారాబాయే. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఏడుస్తూనే మయూరి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఎంత పని చేసినవే, పిల్లా! నన్ను సగం చంపినవ్ గద!" అని, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

కిష్టయ్య చొక్కా తగిలించుకుని పక్కపేట నాగ్‌పాడా వైపు పరుగెత్తాడు. పాత సామాను మరమ్మత్తు చేసే దుకాణంలో కొలతకు సరిపోయే పట్టా వెతికి పట్టుకుని వచ్చాడు. ఆయన వచ్చేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. కొత్త పట్టా ఎక్కించాక తారాబాయి రికార్డు తుడిచింది. మెల్లగా సూది దించింది. చిటపట. ఆ వెంటనే ఆ గొంతు, సన్నగా, హుషారుగా, మడిలో నిలబడి పక్క మడిలోని మనిషిని పిలిచినట్టుగా వచ్చింది. ఒక్క పదం పోలేదు, ఒక్క విరుపు పోలేదు, వెనక ఎవరో ఆడమనిషి దగ్గిన దగ్గు కూడా వినిపించింది. తల్లి గుర్తొచ్చింది, అయినా తారాబాయి పెదాల మీద నవ్వు ఆగలేదు.

రెండు వైపులూ అయిపోయాయి. కిష్టయ్య రికార్డును అట్టలో పెట్టి, దాన్ని తన వైపు జరుపుకున్నాడు.

"ఇది నాకిచ్చినవ్ గద, తారక్కా? ఇచ్చినంక వాపస్ తీసుకుంటే బాగుంటదా?"

"చెవులు పోయినయని ఇచ్చిన," అంది తారాబాయి చెయ్యి చాపి. "ఉన్నయ్ గద. ఇటియ్యి!"