తెర చాటున మా చెల్లి గొంతు

మా చెల్లి పాట ఒక్కసారి వింటే ఆ ఉద్యోగం ఇవ్వకుండా ఎవరుంటారు అనుకున్నాను. నా పిచ్చి గానీ.

సంగీత కళాశాలలో ఆడపిల్లలకు పాఠం చెప్పే స్త్రీల విభాగం, మగపిల్లలకు చెప్పే పురుషుల విభాగం వేరు. రెండింటికీ గాత్రం టీచర్లను తెర చాటున ఎంపిక చేస్తారు. పరీక్షకులు అటు, పాడేవాళ్లు ఇటు. ముఖం చూసి మార్కులు వేయకూడదని ఈ ఏర్పాటు. అందుకే వచ్చినవాళ్లు పాడాలి తప్ప మాట్లాడకూడదు. నోరు జారితే ఇంటికే.

చెల్లి అంటున్నాను గానీ, చిన్నప్పుడు అందరం తమ్ముడే అనుకున్నాం. ఇరవై దాటాక తాను ఆడపిల్లనని చెప్పింది. నాన్న కొన్నాళ్లు ముభావంగా తిరిగి, ఓ రోజు తనే "అమ్మాయ్" అని పిలిచాడు. అన్నీ మారాయి, గొంతు మాత్రం మారలేదు. మార్చుకోవడానికి తనూ ఇష్టపడలేదు. కింది శ్రుతిలో తను రాగం ఎత్తుకుంటే నాలాంటి గయ్యాళి కూడా నోరు మూసుకుంటుంది.

స్త్రీల విభాగంలో తన వంతు వచ్చింది. తంబూర పట్టుకుని నేనూ వెనకే వెళ్లాను. వయొలిన్ ఆయన చెల్లిని చూసి, అలవాటు కొద్దీ ఆడవాళ్ల శ్రుతికి తీగలు బిగించేశాడు. అంత పైన పాడితే చరణం చేరేలోపే తన గొంతు చీలిపోతుంది. మార్చమని అడుగుదామంటే మాట్లాడకూడదు. ఎలాగోలా పై శ్రుతిలోనే నెట్టుకురమ్మని కళ్లతో బతిమాలాను.

తను తల అడ్డంగా ఊపి, తన షడ్జం పట్టుకుంది. కింద, నిదానంగా. చేసేదిలేక నేనూ తంబూర శ్రుతి దానికే దించి మీటాను. వయొలిన్ ఆయన బిత్తరపోయి తీగలు దించుకున్నాడు.

"స్త్రీల వంతులో మగాణ్ణి పంపారేంటి?" అని తెర వెనక ఎవరో విసుక్కున్నారు. చెల్లి ఆగలేదు. కీర్తన మొత్తం పాడింది. సగం నుంచి అటువైపు గుసగుసలు కూడా లేవు.

పాట అయ్యాక పెద్ద పరీక్షకుడు తెర తొలగించి, తనను చాలాసేపు చూశాడు. ఇలాంటి గొంతు ఈమధ్య వినలేదని ఒప్పుకున్నాడు. కానీ ఆడపిల్లలకు నేర్పడానికి ఈ శ్రుతి పనికిరాదని, పురుషుల విభాగంలో ఖాళీ ఉందని, మగవాడిగా పేరు రాయించుకుంటే రేపే చేరిపోవచ్చని అన్నాడు. ఒప్పుకోవే తల్లీ అని లోలోపల మొత్తుకున్నాను.

"మగపిల్లలకైనా పాఠం చెబుతాను సార్. మగవాడిగా మాత్రం రాయించుకోను," అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే కుదరదమ్మా."

మెట్లు దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ తెరను, ఆ పెద్దమనిషిని, వాళ్ల విభాగాలను కలిపి దులిపేస్తున్నాను. తను సగం మెట్ల మీదే ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

"అమ్మా అన్నాడక్కా," అంది. "నా గొంతు విన్నాక కూడా అన్నాడు."