కదలకుండ్రి!

మా పక్క క్వార్టర్ కాక బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వీడియో కెమెరా కోసం నన్ను వెంటేసుకుని గోదావరిఖని దుకాణాలన్నీ తిరిగాడు.

"అగ్గువది సాలు బిడ్డా. మీ చిన్నమ్మ మొఖం మంచిగ రావాలె, గంతే."

తీరా కొన్నాక, ఎవరిని తీసినా ఫొటో తీస్తున్నట్టే "కదలకుండ్రి!" అని కేకేసేవాడు. ఇది వీడియో కాకా అంటే వినేవాడు కాదు.

"కదిలితే మొఖం కరాబైతది."

పాపం చిన్నమ్మ, కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి గుమ్మంలో నిలబడేది.

ఆమె పోయిన కొన్నాళ్లకు వాళ్లింటికి వెళ్లాను. కాక డ్యూటీ బూట్లైనా విప్పకుండా టీవీలో ఆ వీడియో చూస్తున్నాడు. తెరమీద చిన్నమ్మ అలాగే బిగుసుకుని నిలబడి ఉంది. కాక ముందుకు వంగి, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"ఇగ కదులే... ఒక్కసారి."