రెండు కెమెరాలకూ దొరకని లింగన్న

ఆఫీసుకు ఫోన్ వచ్చేసరికి నేను కొత్త లెన్సు ధర కనుక్కునే పనిలో ఉన్నాను. అవతల కోదాడ నుంచి శీను, లింగన్న బావమరిది. "బావ పోయాడు సార్. జొరం వచ్చిన నాలుగో రోజుకే. ఎల్లుండి పదకొండో దినం. గోడకు పెడదామంటే ఒక్క ఫొటో లేదు. మొన్న దసరాకి మీరిద్దరూ రెండు కెమెరాలేసుకొని తిరిగారు గదా, ఏదో ఒక దాంట్లో ఉండే ఉంటాడు. జర చూడండి సార్." ఈ ప్రయాణం ఆ మాటతో మొదలైంది. అది తొంభై ఒకటి, కార్తీక మాసం. సూర్యాపేట, మిర్యాలగూడ వైపు పొలాలు, కాలవలు ఫొటోలు తీయడానికి ఏ కెమెరా పట్టుకెళ్ళాలని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను లెన్సుల గురించి చెప్పను, ఆ ఒక్క రోజు గురించి చెబుతాను.

లింగన్నకు సూర్యాపేట బస్టాండు వెనక సందులో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు తీసేవాడు గానీ ఆ చుట్టుపక్కల ఆయన పేరు నిలిచింది పోయినవాళ్ళ ఫొటోలతో. ఇంట్లో ఎవరైనా పోతే, ఏ పెళ్ళి గుంపులోనో మూలన నిలబడ్డ చిన్న ఫొటో పట్టుకొని ఆయన దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఆయన అందులోంచి తలకాయ ఒక్కటి వేరు చేసి, పెద్దది చేసి, పెన్సిలుతో కనుబొమలు దిద్ది, పదకొండో దినానికి ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. నేను హైదరాబాదులో గుమాస్తాను. ఫొటోల పిచ్చితో సెలవుల్లో ఆయన దగ్గరికి వెళ్ళడం మరిగాను. వయసులో పదేళ్ళు పెద్ద, అయినా నన్ను సారూ అనేవాడు. నేను లింగన్నా అనేవాణ్ణి.

దసరా సెలవుల్లో మేము తిరిగింది కెమెరా తేల్చుకోవడానికే. నా దగ్గర కొత్తగా కొన్న చిన్న కెమెరా, ముప్పై ఆరు ఫొటోల రోలుది, వెడల్పుగా చూసే లెన్సుతో. ఆయనది రెండు కళ్ళ డబ్బా కెమెరా. మెడలో వేసుకొని పైనుంచి లోపలికి తొంగి చూడాలి, రోలుకు పన్నెండే ఫొటోలు. "సారూ, దీన్ల నెగటివ్ పెద్దగుంటది. ఎంత పెద్దగ జేసినా మొఖం పగలది" అనేవాడు. నాకు మొహాలు అక్కర్లేదు, ఆకాశం కావాలి, మైళ్ళ కొద్దీ పచ్చని వరి కావాలి. పొలం ఎంత పెద్దదో తెలియడానికి మాత్రం మధ్యలో ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి లింగన్నే. "మొహం అటు తిప్పు లింగన్నా, మొహం కనిపిస్తే చూపంతా అక్కడికే పోయి పొలం పాడవుతుంది" అని ప్రతిసారీ అరిచేవాణ్ణి. పాపం, తిప్పేవాడు. నా నెగటివుల పెట్టెలో ఆయన వీపు తొమ్మిది సార్లు ఉంది. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది అదే.

ఆ నెగటివులు సంచిలో వేసుకొని మర్నాడు తెల్లవారుజామున ఐదున్నర బస్సెక్కాను. అప్పట్లో హైదరాబాదు నుంచి సూర్యాపేటకు మూడున్నర గంటలు, టికెట్టు పాతిక లోపు. ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే ఎండ కళ్ళలో పడదని పాత ప్రయాణాల్లో నేర్చుకున్నాను, ఆ రోజు ఎక్కడ కూర్చున్నానో కూడా గుర్తులేదు. మూసీ వంతెన దాటుతుంటే పొగమంచులో నీళ్ళు బాగున్నాయి. కెమెరా సంచి విప్పబుద్ధి కాలేదు.

లింగన్న భార్య యాదమ్మ నన్ను చూసి ఏడవలేదు, ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. వాళ్ళ పెళ్ళికి ఫొటో తీయలేదట, చిన్నప్పుడే తండాలాంటి మారుమూల ఊళ్ళో చేశారట. "ఎన్నోసార్లు జెప్పిన సారూ, మనదొక్కటి దిగుదమని. ఇంట్ల ఉన్నోన్ని గద, ఎప్పుడన్న దిగొచ్చు అంటుండె" అంది. లోపలికెళ్ళి డబ్బా కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీన్ల రోలున్నది. మీతోని తిరిగినప్పటిదే. నిండలేదని కడుగలే." వెనక చిన్న ఎర్ర కిటికీలో చూస్తే ఎనిమిది అంకె. రోలు నిండేదాకా కడగకపోవడం స్టూడియోల అలవాటు, నాలుగు ఫొటోలు ఎందుకు వృథా చేయాలని. అప్పుడు ఒక సంగతి తట్టింది. కాలవ గట్టు మీద ఆయన ఈ కెమెరా నా మెడలో వేసి, "ఒక్కటి మీరు నొక్కి సూడుండ్రి" అన్నాడు. నేను నొక్కాను. అది గుర్తుంది. దేన్ని చూసి నొక్కానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఎదురుగా ఆయన ఉన్నాడేమో. ఉండే ఉంటాడని నాకు నేనే చెప్పుకున్నాను.

రోలు కడగాలంటే మిర్యాలగూడలో కరీం సాబ్ దగ్గరికే వెళ్ళాలి. ఆయనా లింగన్నా ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. సూర్యాపేట నుంచి తిన్నగా వెళ్ళే బస్సుంది గానీ, శీను దగ్గర అతని పెళ్ళి ఆల్బం ఉందని యాదమ్మ అనడంతో ముందు కోదాడ పోయాను. విజయవాడ రోడ్డు మీద గంట ప్రయాణం. కండక్టర్ నా మెడలో డబ్బా చూసి ఆగిపోయాడు. "గది లింగన్న కెమెరా గదా సారూ? మా నాయిన ఫొటో ఆయనే జేసిండు. పంచాయితీ కాడ గుంపుల కూసున్న ఫొటోలకెళ్ళి దీసిండు. మా అమ్మ రోజు దండం వెడ్తది." చెప్పి టికెట్టు చింపి ఇచ్చాడు.

శీను పెళ్ళి ఫొటోలన్నీ లింగన్నే తీశాడు, ఇక ఆయన అందులో ఎలా ఉంటాడు. అయినా పేజీ పేజీ తిప్పాం. ఒక్క దాంట్లో దొరికాడు. పెళ్ళికూతురి వెనక బీరువా అద్దంలో, కెమెరాలోకి వంగి చూస్తూ. నడినెత్తి పాపిట, దాని కింద ఫ్లాష్ తెల్లటి వెలుగు, అంతే. శీను అద్దం మీద వేలు పెట్టి, "ఇదే బావ" అన్నాడు. అప్పటికి పదకొండున్నర. తినిపోండి సార్ అని బలవంతం చేసి బస్టాండు ఎదురుగా మెస్సులో కూర్చోబెట్టాడు. ఎనిమిది రూపాయలకు కడుపునిండా భోజనం, గోంగూర పచ్చడి బాగుంటుంది. నాకు సహించలేదు.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ రెండు గంటల దారి. సాగర్ ఎడమ కాలవ కింద మేమిద్దరం తిరిగిన పొలాలు అవే. దసరాకు పచ్చగా ఉన్న వరి ఇప్పుడు పండి సగం కోతకొచ్చింది. మిర్యాలగూడ దగ్గరికి వచ్చేసరికి ఉడికిన వడ్ల వాసన, మిల్లుల పొగ. ఈ వెలుగు కోసమే జనం ఇక్కడికి రావాలి, నవంబరులో మధ్యాహ్నం మూడు తర్వాత. నేను మాత్రం కిటికీ వైపు చూడకుండా ఒళ్ళో కెమెరాను పట్టుకొని కూర్చున్నాను.

కరీం సాబ్ మొదట నా చిన్న నెగటివులను పెద్దవి చేసే మిషనులో పెట్టాడు. ఒక దాంట్లో లింగన్న నాతో ఏదో చెప్పబోయి కొంచెం ఇటు తిరిగాడు. తల నూకగింజంత ఉంది. పెంచుతూ పోయాడు, చెంప మీద ఇసుక చల్లినట్టు చుక్కలు లేచాయి, తర్వాత అన్నీ చుక్కలే. "జరంత పెద్ద నెగటివ్ అయితే నేను గుంజుతుంటి సారూ. దీన్ల మొఖం లేదు" అన్నాడు. పర్వాలేదు, డబ్బాలో రోలుంది కదా అన్నాను. చీకటి గదిలోకి వెళ్ళి అరగంటలో తడి రోలు పట్టుకొని బయటకు వచ్చి కిటికీ వెలుగులో ఎత్తాడు.

మొదటి ఏడు ఫొటోల్లోనూ నేనే. కాలవ మెట్ల మీద చాయ్ తాగుతూ నేను, స్టాండు సర్దుతూ నేను, నవ్వుతూ నేను. ఎప్పుడు తీశాడో తెలియదు. పన్నెండే ఉండే రోలులో ఏడు నాకు పెట్టాడు, ప్రతి దాంట్లో నా కళ్ళల్లో వెలుగు కూడా కనిపిస్తుంది. ఎనిమిదోది నేను నొక్కింది. నీళ్ళు, ఆకాశం. మనిషి లేడు. కరీం సాబ్ దాన్ని చాలాసేపు చూసి, "ఇది మీది గద సారూ" అన్నాడు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. ఆయన నా వీపు మీద చెయ్యేసి, "మరి ఏదో ఒకటి తీస్కపోవాలె గద. ఖాళీ చేతులతోని పోవద్దు" అని, వరి మధ్య వెనక్కి తిరిగి నిలబడ్డ లింగన్న బొమ్మను నడుము దాకా పెద్దది చేసి, తనకు చేతనైనంత పెన్సిలుతో టచింగ్ చేసి, ఫ్రేము కట్టాడు. ఆరింటి బస్సు పట్టుకొని ఏడున్నరకు సూర్యాపేట చేరి, లాడ్జిలో ఉండిపోయాను.

పొద్దున లింగన్న ఇంటి వాకిట్లో పీట వేసి, ఫ్రేమును గోడకు ఆనించారు. శీను దండ వేసి, వేలికి కుంకుమ అద్దుకొని ముందుకు వంగి, అలాగే ఆగిపోయాడు. యాదమ్మ నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, నిజంగానే అడిగింది. "బొట్టు యాడ వెట్టాలె సారూ?" మళ్ళీ ఆమే, "ఇగ వద్దు తియ్యి, దండ చాలు" అంది.

తర్వాత చాలా ఏళ్ళు ఆ తప్పును చిన్న కెమెరా మీదకు నెట్టి బతికాను. పెద్ద నెగటివ్ ఉంటే ముఖం దక్కేదని, బరువుకు బద్ధకించానని. అది అబద్ధం. పెద్ద నెగటివ్ నా చేతికిస్తే నేను నీళ్ళు తీశాను. లింగన్నకు నా చిన్న కెమెరా ఇచ్చినా మనిషినే తీసేవాడు. అందుకే కెమెరా సంగతి అడిగేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. నడిచేవాళ్ళు తేలికది కొనండి, గోడకు పెద్ద బొమ్మలు కావాలంటే బరువైనది మోయండి, రెండూ మంచివే. కానీ బస్సు దిగగానే, కొండలూ కాలవలూ మొదలుపెట్టక ముందే, మీతో వచ్చిన మనిషిని పేరు పెట్టి పిలిచి, ఆ మనిషి మీ వైపు చూశాక, దగ్గర్నుంచి ఒక్కటి తీయండి.