రెండు వరసల కుట్టు

బట్టయినా, సంచీ అయినా, ఏది కొన్నా ఆ అమ్మమ్మ ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, దారాన్ని గోటితో గీకి, పెదవి విరిచి, ఆ తర్వాత గానీ ధర అడగదు. అలాంటి మనిషి, కంపెనీ సరుకు తగ్గింపు ధరకి అమ్మే ఔట్‌లెట్ స్టోర్‌లో చవగ్గా దొరికిందని మనవరాలిని ఎత్తుకునే బేబీ క్యారియర్ చూడకుండానే కొనేసింది. పెద్ద షోరూమ్‌లో అమ్మే కంపెనీయే, రంగూ అదే. "ఆ షాపులకి వేరేగా, నాసిరకంగా కుట్టిస్తారట" అని పక్కింటావిడ అననే అంది. అప్పట్నుంచీ ఆవిడకి ముద్ద దిగడంలేదు.

ఉండబట్టలేక పెద్ద షోరూమ్‌కి వెళ్లింది. అక్కడి క్యారియర్ పట్టీని రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ లాగుతుంటే సేల్స్ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "చింపేస్తారా ఏంటండీ?" "చిరుగుతుందేమో చూస్తున్నానమ్మా. మా పాపని మోసేది ఇలాంటిదే." భుజం దగ్గర రెండు వరసల కుట్టు ఉంది. ఇంట్లో ఉన్నదాన్ని పక్కింటావిడ మాట విన్నాక తిరగేసి చూసినప్పుడు ఒకటే వరస కనిపించిందని ఆవిడకి గుర్తొచ్చింది. ఆదరాబాదరాగా వెనక్కి వస్తుంటే, పాపని ఆ క్యారియర్‌లోనే గుండెకి కట్టుకుని కూతురు ఎదురైంది. "విప్పెయ్యవే! దానికి ఒకటే కుట్టు!" "నడిరోడ్డు మీద విప్పమంటావేంటమ్మా? ఇప్పుడే నిద్రపోయింది." ఆవిడ పాప కింద అరచెయ్యి ఆనించి, పీతలా పక్కకి అడుగులేస్తూ కూతురితోపాటు నడిచింది. "జనం నవ్వుతున్నారమ్మా." "నవ్వనీవే. నువ్వు మెల్లగా నడు."